మొదటి ఫాంటసీ నవల ఏ భాషలో ఇవ్వాలి?

వంశధార_గుణుపురం:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో వారం రోజులుగా తెగని వాదన ఒకటి మీ ముందు పెడుతున్నాను. మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. బడిలో ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు. మాట్లాడమంటే గలగలా మాట్లాడుతుంది కానీ తెలుగు పుస్తకం చేతికిస్తే కూడబలుక్కుని చదివి అర పేజీకే అలిసిపోతుంది. మొన్న నా దగ్గరికొచ్చి, "మామయ్యా, మాంత్రికులూ డ్రాగన్లూ ఉన్న పెద్ద కథ కావాలి. సినిమా కాదు, పుస్తకమే" అంది. తనంతట తాను పుస్తకం అడగడం ఇదే మొదటిసారి. అందుకే నాకింత టెన్షన్.

తెలుగే ఇవ్వాలని మా నాన్న. ఇంగ్లీషైతే చదువుకి కూడా పనికొస్తుందని బావ. మొదటి పుస్తకం కష్టంగా ఉంటే రెండోది అడగదేమోనని నా భయం. మీరైతే ఏది ఇస్తారు, ఏ భాషలో?

మహేంద్రతనయ_పర్లాకిమిడి:
తెలుగే. ఇందులో రెండో మాట లేదు. దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ ఇవ్వండి. చందమామలో 1954లో మొదలైన సీరియల్ అది. అదే ఏడాది ఇంగ్లండులో టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి భాగం అచ్చయింది. వాళ్లు ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మనం మాత్రం మన సీరియల్‌ని పిల్లల కాలక్షేపం అని పక్కన పెట్టేశాం. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

సమరసేనుడు, ఒంటికన్ను ఏకాక్షి, నాలుగు కళ్ల చతుర్నేత్రుడు. ఆ పేర్లు తలుచుకుంటే చాలు, చిత్ర గారి బొమ్మలతో సహా నాకు ఇప్పటికీ కళ్లకు కడతాయి. ప్రతి భాగమూ సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ఆగుతుంది. మా నాన్నగారు సీరియల్ పేజీలు విడదీసి బైండు చేయించారు. కావాలంటే ఆ పుస్తకం గుణుపురం బస్సులో పంపిస్తాను. చదివాక తిరిగి ఇవ్వండి, అంతే.

కొండదారి_జయపురం:
నేను జయపురంలో ఇంగ్లీషు పాఠాలు చెబుతాను. పర్లాకిమిడి గారి అభిమానం అర్థమైంది కానీ అక్షరాలే కూడబలుక్కునే పిల్లకి వందల పేజీల తెలుగు ఇస్తే అది శిక్ష అవుతుంది. ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ నా సిఫార్సు. చిన్న నవల. వాక్యాలు కూడా తేటగా ఉంటాయి. గోంట్ అనే దీవిలో మేకలు కాసుకునే కుర్రాడు మంత్రవిద్య నేర్చుకోడానికి వెళతాడు. గొప్ప కోసం చేయకూడని మంత్రం ఒకటి వేస్తాడు. దాంతో ఒక నీడ లోకంలోకి వచ్చి అతని వెంట పడుతుంది. అక్కడ మంత్రమంటే పేరు. దేనికైనా ఒక అసలు పేరుంటుంది, అది తెలిసినవాడికి దాని మీద అధికారం. బారసాలలో బిడ్డ చెవిలో పేరు చెప్పే ఇళ్లలో పుట్టిన మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. ఆ కుర్రాడి ఒంటి రంగు రాగి కలిసిన గోధుమ రంగు. రచయిత్రి కావాలనే అలా రాశారు. ఫాంటసీ అంటే తెల్ల రాకుమారులదే అనుకునే మా క్లాసు పిల్లలు ఆ సంగతి తెలిసినప్పుడు ఒక్క క్షణం ఆగి పుస్తకం అట్ట మళ్లీ చూస్తారు. టోల్కీన్ మాత్రం మొదట వద్దు. హాబిట్లనే పొట్టి మనుషుల ఆచారాలు, పుట్టినరోజు విందు దాటి కథ నడక అందుకునేలోపు కొత్త పాఠకులు జారిపోతారు.

ప్రాణహిత_సిరొంచ:
మాది మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా. నా కథా దాదాపు మీ మేనకోడలి కథే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. చిన్నప్పుడు నాచేత బలవంతంగా తెలుగు పుస్తకాలు చదివించారు. ఒక్కటీ గుర్తులేదు. నన్ను పాఠకుణ్ణి చేసింది మరాఠీలో జయంత్ నార్లీకర్. ఆయన పేరున్న ఖగోళ శాస్త్రవేత్త. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ కథల పోటీకి తన పేరు చూసి బహుమతి ఇవ్వకూడదని మారుపేరుతో ‘కృష్ణవివర్’ అనే కథ పంపారు. దానికే మొదటి బహుమతి వచ్చింది. తర్వాత ‘ప్రేషిత్’, ‘వామన్ పరత్ న ఆలా’ లాంటి నవలలు రాశారు. కళ్లు పరిగెత్తే భాషలో చదివాను కాబట్టే కథలో మునిగిపోయాను. ఆ ఆకలితోనే ఇరవై రెండేళ్లప్పుడు తెలుగు చదవడం గట్టిగా నేర్చుకున్నాను.

అందుకని మీ అమ్మాయికి ఒడియా పుస్తకం ఇవ్వండి. ఒడియాలో సైన్స్ ఫిక్షన్‌కి దారి వేసిన గోకులానంద మహాపాత్ర ఉన్నారు కదా. చందమామే కావాలంటే ఒడియాలో ‘జహ్నమామూ’ పాత సంచికలు వెతకండి.

మహేంద్రతనయ_పర్లాకిమిడి:
సిరొంచ గారూ, మీరు ఇరవై రెండేళ్లకి వెనక్కి వచ్చారు. రానివాళ్లు ఎంతమందో మా వీధిలోనే లెక్కపెట్టగలను. వాళ్ల పిల్లలకి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఒడియాలో వస్తుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. భాష పోతుంటే చూస్తూ ఊరుకోమంటే నావల్ల కాదు.

ప్రాణహిత_సిరొంచ:
గిడుగు గారిని తలచుకున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆయన సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలనలేదా? దానికోసమే కదా వాళ్ల భాష నేర్చుకుని వాచకాలు, నిఘంటువు తయారుచేశారు? పిల్లకి సులువైన దారిలోనే వెళ్లాలన్నది ఆయన మాటే అని నేననుకుంటున్నాను.

మహేంద్రతనయ_పర్లాకిమిడి:
ఆయన నోట్లో ఉన్న భాష గురించి చెప్పారండీ. ఈ అమ్మాయి నోట్లో ఉన్నది తెలుగే. రానిది లిపి ఒక్కటే.

వంశధార_గుణుపురం:
పర్లాకిమిడి గారూ, మీ చివరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. రానిది లిపి ఒక్కటే. మరి లిపి వచ్చినవాళ్లు ఇంట్లో ముగ్గురున్నాం కదా! బైండు పుస్తకం క్షేమంగా అందింది. రాత్రి భోజనాలయ్యాక మా నాన్న చదవడం, మిగతా అందరం వినడం అనుకున్నాం. మొదటి రోజు బావ ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. మూడో రోజుకి ఆయనే "మామగారూ, ఏకాక్షి ఏమయ్యాడు?" అని అడిగారు. నాన్న గొంతు మార్చి మార్చి చదువుతున్నారు. కళ్లజోడు సరిచేసుకోడానికి ఆగినా మా పిల్ల ఒప్పుకోవట్లేదు. "అల్లకల్లోలం" లాంటి మాట వస్తే ఆపి అర్థం అడుగుతుంది, మర్నాడు ఆ మాటే తమ్ముడి మీద వాడుతుంది.

కాబట్టి జయపురం గారూ, సిరొంచ గారూ, ఒక్క పుస్తకం, ఒక్క భాష అన్న నా ప్రశ్నే తప్పుగా ఉందనిపిస్తోంది. చెవికి తెలుగు, కంటికి తనకి సులువైన భాష. ఒడియా పుస్తకాల కోసం బరంపురం వెళ్లినప్పుడు వెతుకుతాను. ఎర్త్‌సీ తెప్పించాను, రోజుకి కొన్ని పేజీలు తనే చదువుకుంటోంది.

అయితే నిన్న రాత్రి నాన్నని మధ్యలో ఆపి ఒక మాట అంది. "తాతయ్యా, ఇన్ని రాత్రులు చదివావు, ఇంతవరకు ఒక్క అమ్మాయీ కత్తి పట్టలేదు, మంత్రమూ వేయలేదు." నాన్న దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. తను చదువుతున్న ఎర్త్‌సీలోనూ మంత్రవిద్య నేర్పే బడి మగపిల్లలకే అట. అమ్మాయి నడిపే కథ కావాలంది. చెప్పండి.

కొండదారి_జయపురం:
లె గ్విన్‌దే, అదే వరుసలో రెండోది, 1971లో వచ్చిన ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’. కథ మొత్తం టెనార్ అనే అమ్మాయిది. పసితనంలోనే ఇంటి నుంచి తీసుకెళ్లి, పేరు తీసేసి, చీకటి దేవతల గుడికి పూజారిణిని చేస్తారు. నేల కింద చిక్కుదారుల్లో దీపం లేకుండా నడవగలిగేది ఆమె ఒక్కతే. కత్తి యుద్ధాలు లేవు, ముందే చెబుతున్నాను. కానీ ఆ చీకట్లో ఆమె చేతి వేళ్లు గోడ తడుముకుంటూ మలుపులు లెక్కపెట్టే పేజీలున్నాయే, అవి నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. మొదటిది పూర్తయ్యాకే ఇవ్వండి.

మహేంద్రతనయ_పర్లాకిమిడి:
ఆ పాప అడిగింది న్యాయం. నేను ఇన్నేళ్లు చదివి ఒక్కసారీ అడగలేదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన ‘కళాపూర్ణోదయం’లో కలభాషిణి ఉంది. ఆకాశంలో పోయే విమానంలోని మాటలు వినడంతో ఆమె కథ మొదలవుతుంది. పద్యకావ్యం కాబట్టి చదివి వినిపించడం కుదరదు, పిల్లలకి తగినంత మేరకు వచనంలో చెప్పుకోవాలి. మీ నాన్నగారికి అభ్యంతరం లేకపోతే ఆదివారం నేనే గుణుపురం వచ్చి చెబుతాను. బైండు పుస్తకం అప్పుడు తీసుకోను, పూర్తయ్యేదాకా మీ దగ్గరే ఉండనివ్వండి.