దిగుడుబావి గోడలో మొలిచిన అంజూర: దీనికి ‘పూనా’ అని పేరు పెట్టవచ్చునా?

బావిగట్టు:
రాయదుర్గం దగ్గర మా ఊరి పొలిమేరలో వాడకం మానేసిన దిగుడుబావి ఒకటి ఉన్నది. దాని తూర్పు గోడలో, పైనుంచి నాలుగో మెట్టు పక్కన, రెండు బండల సందులోంచి ఒక అంజూర చెట్టు పెరిగింది. మాను అంటూ ఒకటి లేదు. మొదట్లోనే ఏడెనిమిది కొమ్మలు గుబురుగా లేచి పది అడుగుల ఎత్తుకు వచ్చాయి. ఆకులు ఎక్కువగా మూడు తమ్మెలుగా చీలి ఉన్నాయి. లేత కొమ్మల మీద అయిదు తమ్మెలవీ, నీడపట్టున అసలు చీలికే లేనివీ కనిపిస్తున్నాయి. ఆకు పైభాగం వేలితో రాస్తే గరుకుకాగితంలా ఉంటుంది. వానాకాలపు కాయల్లో చాలావరకు గోలీకాయంత కాగానే రాలిపోయాయి. ఏప్రిల్ చివర మాత్రం తొమ్మిది పండ్లు చేతికి వచ్చాయి. అన్నిటికంటే పెద్దది 22 గ్రాములు తూగింది. తొడిమ దగ్గర ఆకుపచ్చగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ ఊదా చారలు దిగాయి. లోపల గులాబి రంగు గుజ్జు, ఒక మాదిరి తీపి.

ఊళ్లో దీన్ని సీమమేడి అంటారు. మా బావమరిది పూనా అంజూర (తోటల్లో పెంచే ఒక రకం) అంటాడు. మొక్కలు అమ్మే ఒకాయన ఫోటో చూసి ‘టర్కీ రకం’ అని తేల్చేశాడు. తొలకరికి ఇరవై కొమ్మ ముక్కలు నాటి, వేరుపోసినవాటిని తెలిసినవారికి ఇవ్వాలని నా ఆలోచన. సంచికి కట్టే చీటీ మీద ఏ పేరు రాయాలో చెప్పగలరు.

అంటుకత్తి:
ఇందులో పెద్ద చిక్కేమీ లేదండీ. మీ ఊరికి బళ్లారి కూతవేటు దూరం. అక్కడ అంజూర తోటలు ఏనాటినుంచో ఉన్నాయి. గంట ఆకారం, పలుచని తోలు, ఊదా చారలు, గులాబి గుజ్జు, ఇవన్నీ పూనా లక్షణాలే. వానాకాలపు కాపు చప్పగా, పులుపుగా ఉండడం, వేసవి కాపు తియ్యబడడం కూడా దాని తీరే. పూణే వైపు రైతులు మొదటిదాన్ని ఖట్టా బహర్ అనీ, రెండోదాన్ని మీఠా బహర్ అనీ పిలిచేది అందుకే. ఎవరో కొమ్మ తెచ్చి గుచ్చి ఉంటారు. నిశ్చింతగా పూనా అని రాయండి.

ఆకుముడి:
పేరు దాకా వెళ్లే ముందు, ఇది అంజూరేనని రూఢి చేసుకోవడం మంచిది. బావుల్లోనూ వాగుల ఒడ్డునా దానంతట అది మొలిచే గరుకాకు చెట్టు మనకు ఒకటి ఉన్నది, అది బ్రహ్మమేడి. దానికి ఆకులు కొమ్మకు ఇరువైపులా ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, కాయలు మానుకూ, ఆకుల్లేని వేలాడే రెమ్మలకూ కాస్తాయి. అంజూరకు ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, కాయ ఆకు మొదట్లోనే పుడుతుంది. మీ చెట్టు సంగతి ఏమిటి?

బావిగట్టు:
ఒకటి విడిచి ఒకటే వస్తున్నాయి. కాయలు ఆకు పంచన ఒక్కొక్కటిగా ఉన్నాయి. మాను ఎలాగూ లేదు, ముదురు కొమ్మల బోదెలకు ఒక్కటీ కాయలేదు.

ఆకుముడి:
అయితే ఆ అనుమానం తీరిపోయింది. అంజూరే.

ఫ్రెస్నో తెలుగు:
అంటుకత్తి గారి తీర్పు తొందరపాటుదని నాకు తోస్తున్నది. నేనుండే కాలిఫోర్నియా మధ్య లోయలో కాలువ గట్ల వెంబడి, ఏటి ఒడ్డున, పిట్టలు వేసిన గింజలనుంచి మొలిచిన అంజూరలు లెక్కలేనన్ని ఉన్నాయి. దూరంనుంచి చూస్తే అన్నీ ఏదో ఒక తోట రకంలాగే కనిపిస్తాయి. కోసి రుచి చూస్తే ఒకటి ఇంకొకదానిలా ఉండదు. రకం పేరు అనేది కొమ్మనుంచి కొమ్మకు, అంటునుంచి అంటుకు దిగివచ్చిన ఒకే చెట్టుకు చెందుతుంది. గింజ మొలకకు తల్లి పేరు పెట్టడం, బిడ్డను తల్లి పేరుతోనే పిలవడం లాంటిది. రాతి సందులో ఎవరైనా కొమ్మ గుచ్చుతారా? ఎవరో ఎండు అంజూర తిని పారేసిన గింజ మొలిచి ఉంటుందనుకోవడమే సహజం. కాబట్టి దీనికి పేరు లేదనే రాయాలి.

మెట్టసేద్యం:
ఫ్రెస్నో గారు చెప్పిన సూత్రం ఒప్పుకుంటాను గాని, అక్కడి పరిస్థితిని దక్కనుకు తెచ్చి అతికించడం కుదరదు. మీ దగ్గర పిట్ట వేసిన గింజ మొలవడానికి కారణం అంజూరకు పరాగం చేర్చే దోమంత కందిరీగ మీ దగ్గర ఉండడం. 1880లలో టర్కీలోని స్మిర్నా (ఇప్పటి ఇజ్మీర్) నుంచి తెప్పించి నాటిన చెట్లు ఏళ్ల తరబడి కాయలు రాల్చుకుంటూ నిలబడ్డాయనీ, 1899లో కందిరీగ స్థిరపడిన తర్వాతే అవి పండాయనీ మీకు తెలియనిది కాదు. మన మేడికి దాని కందిరీగ ఇక్కడే ఉన్నది, అందుకే మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయన్న మాట పుట్టింది. అయితే మేడి కందిరీగ అంజూరకు పనికిరాదు. ఏ జాతి కందిరీగ ఆ జాతికే. ఇక్కడి తోటల్లో పెంచేవి పరాగం అందకపోయినా పండే రకాలు. అందువల్ల వాటి గింజలు పొట్టు గింజలు, లోపల పప్పు ఉండదు. బళ్లారి తోటలో పండు తిన్న పిట్ట వంద బావుల మీద వాలినా ఒక్క మొక్క మొలవదు.

ఇక మిగిలింది ఎండు పండు. టర్కీనుంచి వచ్చే ఎండు అంజూరలో ముఖ్యమైన రకం సారీలోప్. అది కందిరీగ వస్తే గాని పండదు, కనుక దాని గింజల్లో పప్పు ఉంటుంది. నేనే కొట్లో కొన్న ఎండు అంజూరను నానబెట్టి, గింజలు తీసి నీళ్లలో వేసి చూశాను. చాలావరకు మునిగాయి. మునిగినవాటిని కొబ్బరి పొట్టులో చల్లితే ఆవగింజ మొలకలంత మొక్కలు వచ్చాయి. గింజ మొలక అయ్యే అవకాశం లేదని నేను అనడం లేదు. అయితే ఆ దారిన వచ్చిన మొక్క ఎలా ప్రవర్తించాలో చూడండి. గింజ మొలకల్లో సుమారు సగం పోతు చెట్లవుతాయి, వాటి కాయ తినడానికి పనికిరాదు. మిగిలిన సగం తల్లిలాగే కందిరీగ కోసం ఎదురుచూసేవి అయ్యే అవకాశమే ఎక్కువ. ఇక్కడ అది రాదు కనుక కాయలన్నీ గోలీకాయంత కాగానే రాలిపోవాలి. బావిగట్టు గారు తొమ్మిది పండ్లు కోశారు. ఆ తొమ్మిది పండ్లే ఇక్కడ అసలు సాక్ష్యం.

మొక్కలమ్మే ఆయన ‘టర్కీ’ మాట కూడా ఇక్కడితో వీగిపోతుంది. టర్కీలో ఎండబెట్టే సారీలోప్ గాని, పచ్చిగా అమ్మే బుర్సా నల్ల అంజూర గాని కందిరీగ లేకుండా పండవు. ఆయన మనసులో ఉన్నది ‘బ్రౌన్ టర్కీ’ అయితే అది ఇంకో తలనొప్పి. ఇంగ్లండులో ఆ పేరుతో తిరిగే చెట్టూ, కాలిఫోర్నియాలో ఆ పేరుతో తిరిగే చెట్టూ ఒకటి కావు.

ఫ్రెస్నో తెలుగు:
బ్రౌన్ టర్కీ విషయం నిజం. ఆ పేరు విన్న ప్రతిసారీ ఏది అని అడగవలసి వస్తుంది. మీ వాదంలో ఒక్క సందు మాత్రం మిగిలింది. కందిరీగ లేకుండా పండే గుణాన్ని గింజలోకి తండ్రి చెట్టు కూడా తేగలదు, అలాంటి పోతు చెట్లు ఉన్నాయి. అరుదు అన్నంత మాత్రాన అసలు లేదని అర్థం కాదు.

బావిగట్టు:
మెట్టసేద్యం గారు చెప్పినట్లే మిగిలిన రెండు పండ్ల గింజలను గ్లాసు నీళ్లలో వేశాను. ఒక్కటి కూడా మునగలేదు. అన్నీ పైన నువ్వుల్లా తేలాయి. అయితే ఇది కొమ్మనుంచి వచ్చిన చెట్టేనని తేలినట్లేనా?

మెట్టసేద్యం:
నా వాదానికి బలం వస్తుందని తెలిసినా, అలా అనలేను. గింజలు తేలడం మీ చెట్టుకు కందిరీగ రాలేదని చెబుతుంది, అంతే. మీ చెట్టు తాను ఎలా పుట్టిందో దాని పండులోని గింజ చెప్పదు.

ఆకుముడి:
ఇంకొకటి చూడవచ్చు. ఆకుల మీద లేత పసుపు మచ్చలు, నీటిలో నూనె చుక్క పరచుకున్నట్లు అంచు తెలియకుండా ఉన్నాయా? ఎండకు ఎదురుగా పట్టి చూడండి. అంజూరలో మొజాయిక్ తెగులు కొమ్మ ముక్కలతో ఒక చెట్టునుంచి మరొకదానికి చేరుతుంది, గింజ ద్వారా రాదు. తుప్పు తెగులుతో పొరబడవద్దు. అది ఆకు అడుగున గోధుమరంగు పొడి బొడిపెలుగా ఉంటుంది, వేలికి అంటుతుంది, ఏ చెట్టుకైనా వస్తుంది.

బావిగట్టు:
ఉన్నాయి. పది ఆకులు కోసి చూస్తే ఆరింటి మీద ఉన్నాయి, వేలికి ఏమీ అంటలేదు. ఒక ఆకులో ఎడమ తమ్మె మొత్తం వెలిసిపోయి, కుడివైపు కంటే పొట్టిగా మిగిలింది. ఇన్నాళ్లూ ఎండదెబ్బ అనుకున్నాను.

ఫ్రెస్నో తెలుగు:
ఆ తెగులును కంటికి ఆనని నల్లి కూడా మోస్తుంది. చుట్టుపక్కల వేరే అంజూర చెట్టు ఉంటే అక్కడినుంచి వచ్చి ఉండవచ్చు. ఉన్నదా?

బావిగట్టు:
మా ఊళ్లో ఇంకొకటి లేదు. అయితే నిన్న బావి పక్క చేను ముసలమ్మను అడిగాను. బావి నడుస్తున్న రోజుల్లో గట్టు మీద, మోట దిగే చోట, వాళ్ల మామగారు పెట్టిన సీమమేడి చెట్టు ఉండేదట. బావి ఎండిపోయాక అది కూడా ఎండిపోయిందట. ఎక్కడినుంచి తెచ్చారంటే ఆమెకు తెలియదు. ‘సంతనుంచో, చుట్టాల ఇంటినుంచో’ అన్నది. గట్టు మీది చెట్టు ఉండేదని ఆమె చూపిన చోటుకు ఈ సందు సరిగ్గా కింద, మూడడుగుల లోతున ఉన్నది.

ఆకుముడి:
అంజూర కొమ్మ నేలకు ఆని మట్టి తగిలితే తానే వేరు పోస్తుంది. పైచెట్టు వేరు గాని, వంగిన కొమ్మ గాని బండల మధ్య దిగి, తడి దొరికినచోట బతికి ఉంటుంది. మాను లేకుండా గుబురుగా లేవడం కూడా దీనికి సరిపోతుంది.

ఫ్రెస్నో తెలుగు:
గింజ మొలక అన్న నా వాదాన్ని వదులుకుంటున్నాను. రాతి సందులో కొమ్మ ఎవరు గుచ్చుతారని అడిగాను గాని, ఎవరూ గుచ్చకుండానే కొమ్మ అక్కడికి చేరగలదని తట్టలేదు.

అంటుకత్తి:
మొదటి రోజు నేను చెప్పినదానికే ఇంత చుట్టు తిరిగి వచ్చారు. కొమ్మనుంచి వచ్చిన చెట్టు, పూనా పోలిక, బళ్లారి పొరుగు. ఇంకేమి కావాలి?

మెట్టసేద్యం:
సగం దూరమే వచ్చామండీ. కొమ్మనుంచి వచ్చిన చెట్టు కనుక దీనికి ఎక్కడో ఒక పేరు ఉండి ఉంటుంది అన్నంతవరకే తేలింది. ఆ పేరు పూనాయే అనడానికి మన చేతిలో ఉన్నది పోలిక ఒక్కటే. ఊదా చారలు, గులాబి గుజ్జు ఉన్న రకాలు లోకంలో ఎన్నో ఉన్నాయి; 1955లో కాలిఫోర్నియాలో ఐరా కాండిట్ అనే శాస్త్రవేత్త అంజూర రకాలను వందల లెక్కన వర్ణించి గ్రంథస్థం చేస్తే, ఒకే చెట్టుకు ఊరికొక పేరు ఉన్న సందర్భాలు అందులో కోకొల్లలుగా బయటపడ్డాయి. ఆకును బట్టి చెప్పడం మరీ కష్టం. ఒకే చెట్టు మీద మూడు రకాల ఆకులున్నాయని బావిగట్టు గారే రాశారు. పండు తూకం నీటిని బట్టి మారుతుంది, రాతి సందులో 22 గ్రాములు తూగింది తోటలో ఎంత తూగుతుందో మనం చెప్పలేం.

పైగా మీరు పూనా అనే మాటను రకం పేరుగా వాడుతున్నారు. కొనేవాడికి అది ఊరి పేరుగా వినిపిస్తుంది. పూణే జిల్లా పురందర్ అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటినుంచి ఆ అయోమయం మరింత పెరిగింది.

అంటుకత్తి:
పేరు లేని మొక్కను ఎవరు కొంటారు? ‘బావిలో దొరికినది’ అని చీటీ కడితే ఉచితంగా ఇచ్చినా తీసుకోరు. నేనూ ఒకప్పుడు పేరున్న రకమని నమ్మి, పెద్ద ఊళ్లో ఒకచోట యాభై మొక్కలు కొన్నాను. నాలుగేళ్లకు కాసినవి మూడు తీర్లుగా కాశాయి. అయినా అంగట్లో పేరుకే ధర.

మెట్టసేద్యం:
మీ యాభై మొక్కల కథే నా వాదానికి సాక్ష్యం. ఆ చీటీ ఎవరో మీలాగే పోలికను బట్టి రాసి ఉంటారు.

ఆకుముడి:
జన్యు పరీక్షతో తేలుతుందని ఎవరైనా అనేలోపు చెబుతాను: ఆ పరీక్ష రెండు నమూనాలు ఒకటా కాదా అన్నదే చెబుతుంది. పక్కన పెట్టడానికి నమ్మదగిన పూనా నమూనా ఉండాలి. నమూనా దొరికేటట్లయితే ఖర్చు లేని పద్ధతి కూడా ఉన్నది. బళ్లారిలో పాత తోటనుంచి రెండు పూనా అంట్లు తెచ్చి, ఈ మొక్కలతో ఒకే సాలులో, ఒకే నీటితో పెంచండి. ఒకే వయసు కొమ్మ మీది ఆకును ఆకుతో, వేసవి పండును వేసవి పండుతో పోల్చండి. పండు కన్ను (కింది కొసన ఉండే రంధ్రం) తెరుచుకుని ఉన్నదా మూసుకుని ఉన్నదా, మెడ ఎంత పొడవు, పండాక తోలు చీలుతుందా అన్నవి రాసిపెట్టండి. మొజాయిక్ ఉన్నది కనుక ఈ మొక్కలను ఎవరి తోటలోకీ పంపకుండా దూరంగా ఉంచడం మరవవద్దు. తెచ్చే పూనా అంట్లకు అది ముందే ఉన్నదేమో కూడా చూసి తెచ్చుకోండి.

బావిగట్టు:
పంచిపెట్టే ఆలోచన మానుకున్నాను. చిటికెన వేలి మందం, నాలుగు కణుపులు ఉండేలా ఇరవై ముక్కలు కోసి పెట్టాను. పదమూడు చిగురు వేశాయి. వాటిలో ఆరింటిని చెలక మూల విడిగా నాటి, పక్కన రెండు పూనా అంట్లు పెడతాను. చీటీ మీద ‘దిగుడుబావి అంజూర, రాయదుర్గం, కొమ్మనుంచి, మూలం తెలియదు’ అని రాశాను.

అంటుకత్తి:
నాకు ఒక్క మొక్క ఇవ్వండి. మా చేలో ఇప్పటికే మచ్చల ఆకులున్న పూనా వరస ఒకటి ఉన్నది, కొత్తగా పాడయ్యేది ఏమీ లేదు. ఆ వరస చివర పెడతాను. చీటీ మీద మీరు చెప్పినదే రాస్తాను గాని, పెన్సిలుతో రాస్తాను.