వాలుతలం ఎక్కి దిగే దిమ్మె: ఘర్షణ దిశ మారే చోటు ఎలా అర్థం చేయించాలి?

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు తరచూ తప్పే లెక్క ఇది. 30° వాలుతలంపై 2 కిలోల దిమ్మెను 10 మీ/సె వేగంతో పైకి తోశాం. స్థైతిక (ఆగి ఉన్నప్పటి), గతిక (కదిలేటప్పటి) ఘర్షణ గుణకాలు రెండూ 0.3, గురుత్వ త్వరణం 10 మీ/సె². తిరిగి కిందికి చేరేటప్పటికి వేగమెంత?

ఎక్కేటప్పుడు ఘర్షణ కిందికే లాగుతుంది కాబట్టి ఋణత్వరణం 5 + 2.6 = 7.6 మీ/సె² (5 అంటే వాలు వెంట గురుత్వ భాగం, 10 × సైన్ 30°; 2.6 అంటే ఘర్షణ భాగం, 0.3 × 10 × కాస్ 30°). దూరం 6.58 మీ, కాలం 1.32 సె. దిగేటప్పుడు ఘర్షణ పైకి తిరుగుతుంది. త్వరణం 5 − 2.6 = 2.4 మాత్రమే. కాలం 2.34 సె, వేగం 5.62 మీ/సె.

పిల్లలు 7.6నే రెండు దారులకూ వాడేసి, జవాబు మళ్లీ 10 మీ/సె అంటారు. శక్తితో సరిచూస్తే తప్పు బయటపడుతుంది: మొదటి గతిశక్తి 100 జౌళ్లలో 5.2 న్యూటన్ల ఘర్షణ రానూపోనూ 13.16 మీటర్లలో 5.2 × 13.16 = 68.4 తినేసింది, మిగిలింది 31.6 మాత్రమే.

ఇంకో చిక్కు, నా దృష్టిలో ఇదే అసలుది. పైన ఆగిన క్షణంలో స్థైతిక గుణకం 0.3ని టాన్ 30°, అంటే 0.577తో పోల్చాలి; తక్కువ కాబట్టే దిమ్మె మళ్లీ జారుతుంది. గుణకం 0.6 అయితే దిమ్మె అక్కడే నిలిచిపోతుంది, దిగడమే ఉండదు.

ఈ పోలికను లెక్క మొదట్లోనే రాయించాలా, ఆగిన చోటా? ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి బలాల పటాలు విడిగా గీయించడం కన్నా తేలికైన పద్ధతి ఎవరైనా వాడుతుంటే దయచేసి మెట్లతో సహా చెప్పండి.