ఖింగ్ బుత్: తెలుపా, బూడిద రంగా?

పాతపుస్తకం: ఆఫ్ఘనిస్తాన్‌లోని బామియాన్ లోయలో ఉండిన జంట బుద్ధ విగ్రహాల మీద ఎప్పుడో చదివిన ముక్కొకటి బుర్రలో నలుగుతోంది. "సుర్ఖ్ బుత్ ఎర్రది, ఖింగ్ బుత్..." అక్కడితో ఆగిపోతోంది. తెల్లదనా, బూడిద రంగుదనా? ఎవరికైనా గుర్తుందా?

నల్లకుంట: బూడిదే. ఫారసీలో ఖింగ్ అనేది గుర్రాలకు వాడే మాట. తెల్లగుర్రమని మనం అనేదాని ఒంటి మీద కూడా నల్ల వెంట్రుకలు ఎన్నుంటాయో చూడండి.

కెంజాయ: మనకు కెందామర, కెంగేలు ఉన్నాయి కదా. ఆ ‘కెం’, ఈ ‘ఖిం’ ఒకటే ఎందుక్కాకూడదు?

నల్లకుంట: సుర్ఖ్ అన్నా ఎరుపే. రెండూ ఎర్రబొమ్మలైతే వేరే పేరెందుకండీ?

గడ్డిపువ్వు: 2001 మార్చిలో తాలిబాన్లు పేల్చేశాక మిగిలిన ముక్కల్ని మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించారు. రంగులు చాలాసార్లే మార్చారట. ఒక దశలో 55 మీటర్ల పెద్దదానికి ఎరుపు, 38 మీటర్ల చిన్నదానికి తెలుపు. కాబట్టి తెలుపే.

నల్లకుంట: తెల్ల పూత మీద ఏళ్ల తరబడి ఆ లోయ దుమ్ము పడితే ఏ రంగవుతుంది? పేరు పెట్టినవాడు చూసింది దాన్నే.

పాతపుస్తకం: మరి 7వ శతాబ్దంలో హుయాన్‌త్సాంగ్ చిన్నదాన్ని ఇత్తడిదన్నాడు! కొండ తొలిచి మట్టి మెత్తిన బొమ్మ అది. ఏ పూత చూసి అలా అనుకున్నాడో.

గురులఘువు: రంగు సరే, ముందు అక్షరం చూడండి. వేరే గ్రూపులో ఒకాయన ‘బూత్’ అని రాశాడు. అది పోలింగ్‌కి. ఇది హ్రస్వం. బుద్ధుడే ఇరాన్ వైపు వెళ్లి ‘బుత్’ అయ్యాడు, తర్వాత ఏ విగ్రహమైనా బుత్తే. హైదరాబాదులో ఉలుకూ పలుకూ లేనివాణ్ణి "బుత్ బన్‌కే ఖడా" అంటే ఆయన్నే తలచినట్టు.

గడ్డిపువ్వు: అక్కడి జనానికి మాత్రం ఆ రెండు విగ్రహాలూ సల్సాల్, షామామా. రాళ్లయిపోయిన ప్రేమికులు. ఎర్ర, తెల్ల బుత్తుల జంట పేరుతో ఉన్సురీ కావ్యమే రాశాడు. అల్ బిరూనీ ఆ కథను అరబ్బీలో పెట్టాడు. రెండూ దొరకలేదు.

కెంజాయ: ఉన్సురీ అంటే గజనీ మహమూద్ ఆస్థానకవే కదా! జాషువా ‘ఫిరదౌసి’ చదివినవాళ్లకు ఆ కొలువు కొత్తేం కాదు. బంగారమని మాటిచ్చి ఫిరదౌసి కవి చేతిలో వెండి పెట్టిన సుల్తాను. అయినా నా ఓటు ‘గబ్బిలం’కే.

నల్లకుంట: ఒప్పుకోను. గబ్బిలానికి మేఘసందేశం దారి వేసిపెట్టింది. ఫిరదౌసిలో ఆ ఆసరా లేదు.

గురులఘువు: దారి ఒకటైతే బాధ ఒకటవుతుందా సార్? యక్షుడు మేఘాన్ని పంపింది భార్య దగ్గరికి. ఇక్కడ గుడి గడప తొక్కనివ్వని మనిషి శివుడి దగ్గరికి గబ్బిలాన్ని పంపాడు. కాళిదాసుకు ఆ అవసరమే రాలేదు.

నల్లకుంట: రాత్రికి పద్యాలతో వస్తాను, కాచుకోండి.