గేమ్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టి ఇరుక్కుపోయాను, ఇక్కడి నుంచి ఎటు?

అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. వీడియో చూస్తూ చేస్తే అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది. అది ఆపి ఖాళీ ఫైల్ తెరిస్తే చెయ్యి ఆడదు.

మొన్న సొంతంగా బంతి, గోడలతో చిన్న గేమ్ మొదలుపెట్టాను. వేగం పెంచగానే బంతి గోడకి తగలకుండా అవతలికి వెళ్లిపోతోంది. రెండు రాత్రులు తల బద్దలుకొట్టుకున్నాక అర్థమైంది: ఒక ఫ్రేమ్‌లో (తెర మీద ఒక్క క్షణపు బొమ్మలో) గోడకి ఇవతలున్న బంతి తర్వాతి ఫ్రేమ్‌కల్లా అవతల తేలుతోంది, మధ్యలో తగిలిందో లేదో చూసే దిక్కే లేదు. బంతి కదలికని చూసుకునే రిజిడ్‌బాడీలో, ఢీకొనడాన్ని కనిపెట్టే కొలిజన్ డిటెక్షన్ సెట్టింగ్‌ని కంటిన్యువస్‌కి (మధ్య దారిలో కూడా చూసేలా) మార్చాక కుదిరింది. నిజం చెప్పాలంటే అన్ని వీడియోలు చూసినా ఇంత నేర్చుకోలేదు.

అసలు సందేహం ఉద్యోగం గురించి. గేమ్ కంపెనీలో దొరక్కపోయినా మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికైనా పనికిరావాలి కదా. యూనిటీ లాంటిదే ఇంకోటైన అన్‌రియల్ కోసం ఇప్పుడే సీ ప్లస్ ప్లస్ భాష ఎత్తుకోవాలా, లేక సీ షార్ప్‌లోనే ఉండి డేటా స్ట్రక్చర్స్ (డేటాని అమర్చే పద్ధతులు), గిట్ (కోడ్‌లో మార్పులు దాచిపెట్టే టూల్) గట్టిగా పట్టుకోవాలా? సగంలో వదిలేసిన పది గేముల కన్నా పూర్తయిన చిన్నది ఒకటి చూపించడం మేలని నాకనిపిస్తోంది. ఇంటర్వ్యూలు చేసే అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. వెక్టర్ల (ఎటు, ఎంత అని చెప్పే వాటి) లెక్కలంటే ఇంకా టెన్షనే, అవి ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పండి.