మధురై చిత్తిరై ఉత్సవం: మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యతో వెళ్లొచ్చా, వద్దా?

కృష్ణలంక కోడలు:
ఈసారి వసంతంలో, తమిళుల చిత్తిరై నెలలో (ఏప్రిల్-మే) జరిగే ఉత్సవానికి మధురై వెళ్దామని ఇంట్లో అనుకుంటున్నాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప, డెబ్భై రెండేళ్ల మా అత్తయ్య. మీనాక్షమ్మ కల్యాణం కళ్లారా చూడాలని అత్తయ్యకు ఏనాటి నుంచో కోరిక. మోకాళ్లు మాత్రం సహకరించవు, అరగంటకు మించి నిలబడలేరు. "ఆ జనంలో వద్దు, ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వెళ్లి తీరిగ్గా దర్శనం చేసుకుందాం" అని మావారు. వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

రైలుబండి:
అమ్మా, మీవారి మాటే వినండి. నేను ఉత్సవానికి ఒకసారి, మామూలు రోజుల్లో మూడుసార్లు వెళ్లాను. ఉత్సవానికి వెళ్లిన ఏడాది గుడి చూసిందే లేదు, ముందున్నవాళ్ల వీపులే చూశాను. ముందే డబ్బు పంపిన లాడ్జిలో తీరా వెళ్లాక గది లేదన్నారు. పిల్లలతో రాత్రంతా స్టేషన్లో కూర్చున్నాం. ఏప్రిల్ నెలాఖరు ఎండ అక్కడ మన బెజవాడకు ఏమాత్రం తీసిపోదు. ఆ ఎండలో గుడి ప్రాకారం బండల మీద చెప్పుల్లేకుండా నడవాలి. అన్నిటికీ మించి 2022లో అళగర్ స్వామి, అంటే మీనాక్షమ్మకు అన్న అయిన విష్ణువు, వైగై ఏట్లో దిగిన రోజున జనం రద్దీలో నలిగి ఇద్దరు చనిపోయారు. పాపను, పెద్దావిడను తీసుకుని అలాంటి చోటికి వెళ్తానంటే నేను ఊరుకోలేను.

ఫిబ్రవరిలో వెళ్తే పొద్దున్నే పొత్తామరై కోనేటి మెట్ల మీద కూర్చుని దక్షిణ గోపురం మీద ఎండ పడటం చూడొచ్చు. ఆ గోపురం ఎత్తు 170 అడుగులు. వేయికాళ్ల మండపంలో 985 స్తంభాలు, ఒక్కో దాని దగ్గరా ఆగొచ్చు. రాత్రి గుడి మూసేముందు సుందరేశ్వర స్వామి, అంటే శివుడి, పాదాలను పల్లకిలో అమ్మవారి పడకటింటికి తీసుకెళ్తారు. ఏడాది పొడుగునా రోజూ జరిగే సేవ అది. అత్తయ్యగారికి ఆ దంపతులను చూడాలనుంటే అంతకన్నా దగ్గరగా ఎక్కడ చూస్తారు?

మల్లెపందిరి:
రైలుబండి గారూ, మీ అనుభవం కాదనను. కానీ ఆవిడ అడిగింది గుడి కాదండీ, పెళ్లి. గుడి ఎప్పుడైనా ఉంటుంది. నేను మా పిన్నితో వెళ్లాను. లోపలికి టికెట్ దొరకలేదు, గుడి పక్కనే ఉండే చిత్తిరై వీధిలో పెద్ద తెర ముందు నిలబడ్డాం. మాంగల్యధారణ అయిందనగానే మా చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ మెడలో పసుపుతాడు మార్చుకోవడం మొదలుపెట్టారు. మాకు పెద్దగా తమిళం రాదు. పక్కనున్న పెద్దావిడ తన చీర కొంగుతో పిన్నికి చాటు పట్టింది. తర్వాత 'మొయి' రాయించారు, అంటే మన చదివింపులు. అమ్మవారి పెళ్లికి కూడా ఇంట్లో పెళ్లికి చదివించినట్టే చదివిస్తారు, విందు భోజనం తింటారు. ఫిబ్రవరిలో ఇవేవీ ఉండవు.

వైగై ఒడ్డు:
మాది మధురైయే. మా పూర్వులు నాయకరాజుల కాలంలో ఇటు వచ్చినవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, రాయడం మాత్రం పెద్దయ్యాక నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి.

ఇద్దరూ ఉత్సవం అంటే పెళ్లి రోజు, వైగై రోజు అన్నట్టు మాట్లాడుతున్నారు. అక్కడే నాకు బాధ. ధ్వజారోహణం నుంచి పెళ్లి దాకానే పది రోజులు. ఆ పది రోజులూ అమ్మవారు, స్వామి ఊరేగింపుగా గుడి చుట్టూ ఉన్న మాసి వీధుల్లోకి వస్తారు. ముందు పిల్లలు వేషాలు కట్టుకుని, కోలాటం వేస్తూ నడుస్తారు. మేం చిన్నప్పుడు సాయంత్రం కాగానే అరుగు మీద చాప పరుచుకుని కూర్చునేవాళ్లం, దేవుడే మా ముందుకు వచ్చేవాడు.

ఎనిమిదో రోజు అమ్మవారి పట్టాభిషేకం. చేతికి రాజదండం ఇస్తారు. ఆ రోజు నుంచి ఆడి మాసం (జూలై-ఆగస్టు) దాకా నాలుగు నెలలు మధురైని ఏలేది మీనాక్షే, తర్వాత ఎనిమిది నెలలు సుందరేశ్వరుడు. తొమ్మిదో రోజు దిగ్విజయం, పదో రోజు పెళ్లి, పదకొండో రోజు తేరు. తెలుగువాళ్లు వచ్చి పట్టాభిషేకం చూడకుండా వెళ్లిపోతే మనసుకు ఎలాగో ఉంటుంది.

ఈ ఉత్సవం ఇలా కుదరడంలో మనవాళ్ల చెయ్యి ఉంది. పూర్వం మీనాక్షి పెళ్లి మాసి నెలలో (ఫిబ్రవరి-మార్చి) జరిగేది, తేరు తిరిగిన వీధులకు ఆ పేరు అలాగే ఉండిపోయింది. అళగర్ కోవెల ఊరికి 20 కిలోమీటర్ల దూరం, ఆయన ఏటి దగ్గరికి రావడం విష్ణుభక్తుల పండగ, అది తేనూరు అనే ఊరి దగ్గర జరిగేది. 1623 నుంచి 1659 దాకా మధురైని ఏలిన మన తెలుగు నాయకరాజు తిరుమల నాయకుడు రెండింటినీ చిత్తిరైలో కలిపి ఒకే ఊరికి తెచ్చాడు. అన్నగారు చెల్లెలి పెళ్లికి బయల్దేరి, ఆలస్యమై, పెళ్లి అయిపోయిందని తెలిసి అలిగి ఏటి దగ్గరే ఆగిపోయాడని మా అవ్వ చెప్పే కథ. గుడి ఎదుట తిరుమల నాయకుడు కట్టించిన పుదు మండపం కూడా వసంతోత్సవం కోసమే. నేను ఎరిగిన చాలా ఏళ్లు అందులో దర్జీల కుట్టుమిషన్లే వినపడేవి.

వైగై రోజు గురించి మాత్రం రైలుబండి గారితో నాకు తేడా లేదు. తెల్లవారకముందే లక్షల మంది ఏట్లో ఉంటారు. తోలుతిత్తులతో నీళ్లు చిమ్ముతారు, నేల బురద. పాపతో, అత్తయ్యతో ఆ రోజు అటు వెళ్లకండి.

ఓరుగల్లు తమ్ముడు:
అందరు మంచిగనే చెప్తున్నరు గని, అత్తమ్మను ఎవరన్న అడిగిన్రా? ఆమె కోరిక మీద మనం కొట్లాడుతున్నం. మా అమ్మకు ఇట్లనే ఎండ, జనం అని చెప్పి మేడారం ఒక్క జాతర ఆపినం. మల్ల జాతర నాటికి మంచం పట్టింది. అది ఇప్పటికీ నా గుండెల ఉన్నది. అడుగున్రి అక్కా.

రైలుబండి:
తమ్ముడూ, నీ మాట నాకు గట్టిగా తగిలింది. అయినా ఒకటి చెప్పనీ. పెద్దవాళ్లు "నేను నిలబడతాను" అనే అంటారు. స్పృహ తప్పి పడిపోయాక మోసేది మనం. పట్టాభిషేకం, వీధి ఊరేగింపులు అంటే నాకు అభ్యంతరం లేదు. పెళ్లి రోజు పొద్దున చిత్తిరై వీధిలో రెండు గంటలు నిలబెట్టడం మాత్రం వద్దు. ఈ విషయంలో మల్లెపందిరి గారు ఏమన్నా నా మాట మారదు.

మల్లెపందిరి:
మా పిన్నికీ అరవై ఎనిమిదేళ్లే. మడత స్టూలు తీసుకెళ్లాం, మూడు వంతులు కూర్చునే చూసింది. ఎవరూ లేవమనలేదు.

కృష్ణలంక కోడలు:
రాత్రి అత్తయ్యను కూర్చోబెట్టి ఇవన్నీ చదివి వినిపించాను. మామయ్య పోయి ఆరేళ్లు. పసుపుతాడు మార్చుకునే మాట దగ్గర ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ పూట అందరి మధ్యా నేనుండలేను గానీ, పెళ్లయ్యాక ఇద్దర్నీ కలిపి ఒక్కసారి చూపించు" అన్నారు. ఈ సంగతి మాకెవరికీ తట్టలేదు. మావారు కూడా ఇక ఫిబ్రవరి మాట ఎత్తలేదు. అలా చూడటానికి వీలుందా?

వైగై ఒడ్డు:
ఉందమ్మా. పెళ్లి రోజు సాయంత్రం స్వామి ఏనుగు వాహనం మీద, అమ్మవారు పూలపల్లకిలో మాసి వీధులు తిరుగుతారు. పొద్దున గదిలోనే ఉండండి, కల్యాణం టీవీలో వస్తుంది. ఎండ తగ్గాక బయటికి రండి. గది పడమటి మాసి వీధి వైపు చూసుకోండి, రైల్వే స్టేషన్ అటే. తెలిసినవాళ్లు వెళ్లి చూశాకే డబ్బు కట్టండి. దుకాణం గట్టు మీద పెద్దావిడ కూర్చుంటానంటే మా ఊళ్లో కాదనేవాళ్లు లేరు. పాపకు జిగర్‌తండా అనే చల్లటి పాల పానీయం ఇప్పించండి, అత్తయ్యగారికి పరుత్తిపాలు, పత్తిగింజల పాలతో చేసేది, వేడివేడిగా ఇస్తారు.

తేదీలు ఏటా మారతాయి. అళగర్ ఏట్లో దిగింది 2024లో ఏప్రిల్ 23న, 2025లో మే 12న. పంచాంగంలో చిత్రా పౌర్ణమి చూసుకోండి, పెళ్లి దానికి కొద్ది రోజుల ముందు వస్తుంది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, తెరిచిన పొద్దునే చేయించండి. కింది బెర్తు అడగడం మరిచిపోవద్దు.

ఓరుగల్లు తమ్ముడు:
అక్కా, పోయొచ్చినంక ఇక్కడ రాయి. అమ్మకు చదివి చెప్త.