అమ్మకి ఏఎంఏ (యాంటీ మైటోకాండ్రియల్ యాంటీబాడీ) రక్తపరీక్షలో 1:320 వచ్చింది. ఈ అంకె ఎలా తగ్గించాలి?

కాకినాడ అమ్మాయి:
అమ్మకి 54 ఏళ్లు. ఎనిమిది నెలలుగా రాత్రయితే చాలు, అరచేతులూ అరికాళ్లూ ఒకటే దురద. వేపాకు నీళ్లు పోశాం, ఆయింట్‌మెంట్లు రాశాం, వంకాయ మాన్పించాం. చివరికి ఒక డాక్టరు గారు లివర్ టెస్టులు రాస్తే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (పిత్తనాళాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) ఎక్కువగా, 386 ఉంది. బిలిరుబిన్ నార్మలే. స్కానింగ్‌లో పిత్తనాళాల్లో రాళ్లు, అడ్డు ఏమీ లేవు. ఆ తర్వాత ఏఎంఏ పాజిటివ్, 1:320. చీటీ మీద 'ప్రైమరీ బిలియరీ సిర్రోసిస్' అని ఉంది. ఆ మాట చూసినప్పటి నుంచి అమ్మ సరిగ్గా తినడం లేదు. కల్లు వాసన కూడా పడని మనిషికి సిర్రోసిస్ ఏంటండీ? ఏఎంఏ మళ్లీ ఎప్పుడు చేయించాలి?

రిటైర్డ్ టీచరమ్మ:
అమ్మా, ముందు ఆ పేరు సంగతి. 2015లోనే అందులో 'సిర్రోసిస్' తీసేసి 'కోలాంజైటిస్' (పిత్తనాళాల వాపు) అని మార్చారు, ఎందుకంటే చాలామందికి జబ్బు తేలేసరికి సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడిపోవడం, ఉండదు. నాకూ పాత పేరే రాసిచ్చారు. మా ఆడపడుచు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది!

నాకు పదకొండేళ్లుగా ఉంది. నా ఏఎంఏ 1:160. మొదటి రెండేళ్లు పిచ్చిదానిలా మళ్లీ మళ్లీ చేయించాను, డబ్బు దండగ. జబ్బును గుర్తుపట్టడానికి ఆ పరీక్ష చాలా గట్టిది, నూటికి 90 మందికి పైగా పాజిటివ్ వస్తుంది. కానీ అంకె పెద్దదైతే జబ్బు ముదిరిందని కాదు, మందు వాడితే అది తగ్గాలనీ లేదు. చూసుకోవాల్సింది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, బిలిరుబిన్. దీనికి మందుగా ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు కిలో బరువుకి రోజుకి 13 నుంచి 15 మిల్లీగ్రాములు ఇస్తారు. నాకు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 412 ఉన్నది ఏడాదికి 150కి దిగింది. దురద మాత్రం ఆ మాత్రతో తగ్గలేదు, దానికి కొలెస్టిరమిన్ పొడి వేరే ఇచ్చారు. రెండూ కలిపి మింగేదాన్ని నేను. కనీసం నాలుగు గంటల తేడా ఉండాలట, లేకపోతే ఆ పొడి మాత్రని పట్టేసుకుంటుంది.

ల్యాబ్ మనిషి:
టీచరమ్మ గారు చెప్పింది కరెక్టు. 1:320 అంటే మజ్జిగలో నీళ్లు పోసుకుంటూ పోయినట్టే. సీరమ్‌ని అంత పల్చన చేసినా మైక్రోస్కోప్ కింద ఇంకా మెరుస్తోందని. ఒక్క మెట్టు తేడా చూసేవాళ్ల కంటిని బట్టి కూడా వస్తుంది, కాబట్టి 160, 320 అని కంగారు పడకండి. ఏఎన్ఏ ప్రొఫైల్ (ఇంకొన్ని యాంటీబాడీలు చూసే రక్తపరీక్ష) కూడా చేసి ఉంటే అందులో జీపీ210 అనే యాంటీబాడీ ఏమొచ్చిందో చూడండి. అది పాజిటివ్ అయితే డాక్టర్లు కాస్త దగ్గరగా గమనిస్తారు.

కాకినాడ అమ్మాయి:
జీపీ210 నెగెటివ్ అండీ. అమ్మ బరువు 62 కిలోలు, 300 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకి మూడు రాశారు, లెక్క సరిపోయింది. అంతా చదివి వినిపించాను. వంకాయ తినొచ్చా అని అడుగుతోంది.

రిటైర్డ్ టీచరమ్మ:
శుభ్రంగా తినమను. వంకాయకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.