తాత బాడిస: తుప్పు, పిడి, పదును

కనిగిరి_కుర్రోడు:
మా తాత వడ్రంగి. అటక మీద గోనెసంచిలో ఆయన బాడిస (కర్ర చెక్కే పనిముట్టు), రెండు ఉలులు, ఒక చిత్రిక (చెక్క నునుపు చేసేది) దొరికాయి. బాడిసకు తుప్పు పొరలుగా లేస్తోంది, పిడిని పురుగు తినేసింది. తుప్పు ఎలా వదిలించాలి? పిడికి ఏ కర్ర మంచిది? చిత్రిక చెక్క పగిలింది, దానికేం చేయాలి? అమ్మడానికి కాదు, వాడుకోవడానికే.

పెన్నగట్టు:
వెనిగర్‌లో ఒక్క రాత్రి నానబెట్టు తమ్ముడూ. నేను మా మామ గొడ్డలిని మూడు రోజులు మరిచిపోయా, అంచంతా గుంటలు పడింది. ఇప్పటికీ దాన్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. బయటికి తీశాక వంటసోడా నీళ్లలో ముంచి, బాగా తుడిచి, వెంటనే నూనె పూయాలి. అరగంట వదిలినా మళ్లీ ఎర్రబారుతుంది.

పొదలకూరు_నిమ్మతోట:
వెనిగర్ కొనడం ఎందుకన్నా? మా దగ్గర రేటు పడిపోయినప్పుడు నిమ్మకాయలు గట్టున పారబోస్తాం. ఆ రసంలోనే మూడు కొడవళ్లు బాగుచేశా. పోయినేడు బస్తాకు కోత కూలి కూడా రాలేదు, అది వేరే బాధ.

ఒంగోలు_లేత్:
ఈ నానబెట్టడాలన్నీ టైం వేస్ట్. 30 ఏళ్లుగా లేత్ మీద ఉన్నా. బెంచ్ గ్రైండర్ మీద పెడితే ఐదు నిమిషాల్లో తుప్పూ పోతుంది, పదునూ వస్తుంది. అంచు కాస్త నీలం తిరిగితే ఎమెరీ పేపరుతో రుద్దండి, పోతుంది.

కొలిమి_ఇంటివాడు:
అయ్యా, అంచు నీలం తిరిగిందంటే వేడి 300 డిగ్రీల దాకా పోయిందని. అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది. మీరు రుద్దితే రంగు పోతుంది గానీ మెత్తదనం పోదు. తాత బాడిసను ఆ కుర్రాడి చేత పాడుచేయించకండి.

ఒంగోలు_లేత్:
నాకు ఉక్కు గురించి చెబుతున్నావా? నేను గ్రైండ్ చేసిన ఉలులు ఈ జిల్లాలో ఎన్ని షాపుల్లో ఉన్నాయో తెలుసా?

కొలిమి_ఇంటివాడు:
తెలియదు. ఒక పని చేయండి. నీలం తిరిగిన చోట ఆకురాయి పెట్టి చూడండి. జారిపోతే గట్టిగా ఉన్నట్టు, కొరికితే మెత్తబడినట్టు. మా నాయన దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మె) ముందు కూర్చోబెట్టి నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. ఇంకోటి. పాత బాడిసలు మొత్తం ఉక్కు కాదు. ఇనుముకు అంచున ఉక్కు ముక్క అతికేవారు. వెనిగర్‌లోంచి తీసినప్పుడు అంచు నల్లగా, మిగతాది తెల్లగా కనబడితే ఆ నల్లదే ఉక్కు. గ్రైండర్‌తో దాన్ని అరగదీస్తే మిగిలేది ఉత్త ఇనుమే.

పెన్నగట్టు:
నాకూ నల్ల గీత కనబడింది! మరకనుకుని రుద్ది రుద్ది చచ్చాను.

ఒంగోలు_లేత్:
మధ్యమధ్య నీళ్లలో ముంచుతూ గ్రైండ్ చేస్తే నీలం తిరగదు. అది చెప్పడం మరిచిపోయా, అంతే. దానికి ఇన్ని మాటలా?

కొలిమి_ఇంటివాడు:
ముందే ఆ మాట చెప్పుంటే నేనేమీ అనేవాణ్ణి కాదు.

కావలి_కోడలు:
గొడవ ఆపండి అన్నా. మా అత్త కత్తిపీట ఇలాగే పాడైంది. వీధిలోకి వచ్చిన సాన మనిషికి ఇస్తే నిప్పురవ్వలు లేపి ఇచ్చాడు. వారానికే మొద్దుబారింది, కొరమీను తల తెగలేదు. నేనే సానరాయి కొని, నీళ్లు చల్లుకుంటూ రోజుకు పావుగంట చొప్పున పది రోజులు నూరా. మెత్తబడిన చోటు అరిగిపోయి లోపలి ఉక్కు బయటపడింది. ఇప్పుడు పులుసు చేపలు నేనే కోస్తా, మార్కెట్లో కోయించను.

చీమకుర్తి_రాయి:
ఉలి వెనకవైపు చదునుగా లేకపోతే ఎంత నూరినా దండగ. గ్రానైట్ షాపులో పాలిష్ చేసిన తుంట ముక్క అడిగి తెచ్చుకో, ఊరికే ఇస్తారు. దాని మీద వాటర్ పేపర్ తడిపి అతికించు. 220 నంబరు గరుకు పేపరుతో మొదలుపెట్టి 1000 నంబరు నున్నటి దాని దాకా పో. ఉలి వాలు 25 నుంచి 30 డిగ్రీలు ఉండాలి.

కొత్తపట్నం_గాలి:
అందరూ నూనె పూయమంటారు, ఏ నూనో చెప్పరు. సముద్రపు గాలికి మా ఇంట్లో మేకు కూడా నిలవదు. కొబ్బరినూనె పూసి ఒక వానాకాలం గడిచాక చూస్తే ఉలికి మళ్లీ తుప్పు. కుట్టుమిషన్ నూనె పల్చగా పూసి, గుడ్డలో చుట్టి, నెలకోసారి తీసి చూస్తున్నా. మూడేళ్లయింది, మచ్చ లేదు.

వేటపాలెం_వాచీ:
బ్యాటరీ ఛార్జర్‌తో కూడా తుప్పు వదులుతుంది. బట్టల సోడా కలిపిన నీళ్లు, మైనస్ బాడిసకు, ప్లస్ పనికిరాని ఇనుప ముక్కకు. స్టీలు గరిటె మాత్రం పెట్టొద్దు, విషపు క్రోమియం నీళ్లలో కలుస్తుంది. ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. ఆరుబయటే చేయండి, మండే గ్యాసు పుడుతుంది.

కనిగిరి_కుర్రోడు:
అందరికీ దండాలు. ఒక రాత్రి నానబెట్టా, నల్ల గీత కనబడింది! చాలా సంతోషంగా ఉంది. పిడి సంగతి ఎవరూ చెప్పలేదు.

ఉదయగిరి_చెక్క:
మేం గరిటెలు చెక్కే నర్ది కర్ర నున్నగా వస్తుంది గానీ బాడిస దెబ్బకు తుమ్మే ఆగుతుంది. బాగా ఆరిన తుమ్మ తీసుకో, గీతలు పిడి పొడవునా ఉండాలి. పచ్చి కర్ర వేస్తే ఎండాక వదులై, బాడిస ఊడి కాలి మీద పడుతుంది. మా అన్నకు పాదం మీద ఏడు కుట్లు పడ్డాయి.

పొదలకూరు_నిమ్మతోట:
కొడవలికి కక్కు (పళ్లు) కొట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా? కోత మిషన్లు వచ్చాక మా ఊళ్లో కొలిమి ఆరిపోయింది. పళ్లున్న కొడవలిని సానరాయి మీద పెడితే పళ్లు పోతాయి.

కొలిమి_ఇంటివాడు:
మా నాయన కొడతాడు. వయసైపోయింది, రోజుకు రెండే. తీసుకురండి.